నెలసరి గాడి తప్పితే గర్భసంచి తీయించుకోవాల్సిందేనా?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. నాకు 46 ఏళ్లు. ఉప్పల్‌లో ఉంటాం. ప్రైవేటు స్కూల్లో తొమ్మిది, పది తరగతులకు లెక్కలు చెబుతాను. ఏడాదిన్నరగా నెలసరి గాడి తప్పింది. ఒకసారి 20 రోజులకే వస్తుంది, ఇంకోసారి రెండు నెలలైనా రాదు. వచ్చినప్పుడు మాత్రం మొదటి మూడు రోజులు గడ్డలు గడ్డలుగా పడుతుంది, స్కూలుకు సెలవు పెట్టాల్సి వస్తోంది. రాత్రి మూడింటికి ఒళ్లంతా చెమటతో మెలకువ వస్తుంది, గుండె దడదడలాడుతుంది, మళ్లీ నిద్ర పట్టదు. బోర్డు దగ్గర నిలబడి, తెలిసిన మాటే గుర్తురాక ఆగిపోతున్నాను. ఇంటర్ చదివే మా అమ్మాయి మీద అయినదానికీ కానిదానికీ అరుస్తున్నాను, తర్వాత కూర్చుని ఏడుస్తున్నాను. ఒక ల్యాబ్‌లో 'హార్మోన్ల ప్యాకేజీ' చేయించుకుంటే జూన్‌లో ఎఫ్‌ఎస్‌హెచ్ 34 వచ్చింది, మెనోపాజ్ వచ్చేసిందన్నారు. సెప్టెంబరులో మళ్లీ చేయిస్తే 9 వచ్చింది, ఏమీ లేదన్నారు. దగ్గర్లోని ఒక నర్సింగ్ హోమ్‌లో చూపిస్తే, 'పిల్లలు పుట్టేశారు కదా, గర్భసంచి తీయించేసుకుంటే అన్నీ పోతాయి' అన్నారు. మా తోడికోడలు 38 ఏళ్లకే తీయించుకుంది. హార్మోన్ మాత్రలు వాడితే క్యాన్సర్ వస్తుందని మా అక్క భయపెడుతోంది. మా వారేమో 'అంతా నీ ఊహ' అంటారు. ఏం చేయమంటారు?

— ఒక పాఠకురాలు, ఉప్పల్, హైదరాబాద్

సమాధానం: మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా ఎక్కువ ఉపయోగపడినవి మీరు విసుగుతో రాసిన ఆ రెండు అంకెలు. అండాశయాన్ని పని చేయమని పురమాయించే హార్మోను ఎఫ్‌ఎస్‌హెచ్ జూన్‌లో 34, సెప్టెంబరులో 9. ఏదో ఒక రిపోర్టు తప్పయి ఉంటుందని మీకు అనిపించి ఉండవచ్చు గానీ, నా ఉద్దేశంలో రెండూ సరైనవే కావచ్చు. నడివయసులో స్త్రీల హార్మోన్లు నెమ్మదిగా తగ్గిపోతాయన్న మాట అందరం వింటూనే ఉంటాం. ముట్లు పూర్తిగా ఆగడానికి ముందు వచ్చే నాలుగైదేళ్ల కాలంలో మాత్రం జరిగేది తగ్గడం కన్నా నిలకడ తప్పడం. మీరు లెక్కల టీచరు గనుక గ్రాఫు కాగితం మీద ఊహించుకోండి: పైనుంచి కిందికి సాఫీగా జారే వాలు గీత వేరు, ఈ నెల కొండెక్కి వచ్చే నెల లోయలో పడే గీత వేరు. మీది రెండో రకం గీత. దాని మీద ఏ రోజు ఏ బిందువు దగ్గర రక్తం తీశారన్న దాన్ని బట్టి అంకె మారిపోతుంది.

ఇలా ఎందుకవుతుందో కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే మీ బాధల్లో చాలావాటికి కారణం ఇక్కడే దొరుకుతుంది. ఆడపిల్ల పుట్టేనాటికే ఆమె అండాశయాల్లో పది నుంచి ఇరవై లక్షల అండాల నిల్వ ఉంటుంది. రజస్వల అయ్యేసరికి అది మూడు నాలుగు లక్షలకు వస్తుంది, ముట్లు ఆగే నాటికి సుమారు వెయ్యి మాత్రమే మిగులుతాయి. నిల్వ తగ్గేకొద్దీ అండాశయం నుంచి మెదడుకు వెళ్లే 'ఇక చాలు' అన్న కబురు బలహీనపడుతుంది, దాంతో మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి ఎఫ్‌ఎస్‌హెచ్‌ను మరింతగా విడుదల చేసి అండాశయాన్ని పని చేయమని పోరుతుంది. ఒక నెల అండాశయం పలకదు. ఇంకో నెల ఆ పోరుకు అతిగా స్పందించి, వయసులో ఉన్నప్పటికన్నా ఎక్కువ ఈస్ట్రోజెన్‌ను తయారుచేస్తుంది. మరో నెల ఈస్ట్రోజెన్ తయారైనా అండం మాత్రం విడుదల కాదు. అండం విడుదల కాని నెలలో ప్రొజెస్టెరాన్ అనే రెండో హార్మోను రాదు. గర్భాశయం లోపలి పొరను పెంచేది ఈస్ట్రోజెన్ అయితే, దాన్ని అదుపులో ఉంచి వేళకు ఊడిపడేట్టు చేసేది ప్రొజెస్టెరాన్. అదుపు చేసేది లేక పొర మందంగా పెరిగి పెరిగి, రెండు నెలల తర్వాత ఒక్కసారిగా గడ్డలుగా ఊడిపోవడమే మీరు చెప్పిన ఆ మొదటి మూడు రోజుల అవస్థకు చాలామందిలో కారణం.

వరుసగా 12 నెలలు నెలసరి రాకపోతే అప్పుడు, వెనక్కి తిరిగి చూసి, మెనోపాజ్ వచ్చిందని చెబుతాం. మన దేశంలో అది సగటున 46, 47 ఏళ్లకు వస్తుంది. పాశ్చాత్య దేశాల్లో సగటు 51. కాబట్టి ఇంటర్నెట్‌లో చదివి 'నాకు అయిదేళ్లు ముందే వచ్చేసింది' అని కంగారుపడవలసిన పని లేదు. 40 ఏళ్ల లోపు ఆగిపోతే మాత్రం అది వేరే విషయం, దానికి తప్పకుండా పరీక్షలూ చికిత్సా కావాలి. 45 దాటిన స్త్రీలో నెలసరి తీరు మారి, ఒంట్లో ఒక్కసారిగా వేడి ఎగసే ఆవిర్లూ చెమటలూ మొదలైతే ఆ లక్షణాలను బట్టే నిర్ధారణ చేస్తాం. హార్మోన్ల ప్యాకేజీలతో పని లేదు. ఆ డబ్బుతో చేయించుకోవలసిన పరీక్షలు వేరే ఉన్నాయి.

వాటిలో మొదటిది వింటే మీరు నవ్వుతారేమో. రెండు నెలలు నెలసరి రానప్పుడు ఇంట్లో చేసుకునే గర్భ పరీక్ష. 46 ఏళ్ల వయసులో, పదిహేడేళ్ల కూతురున్న తల్లి మందుల షాపులో ఆ కిట్టు అడగడానికి మొహమాటపడుతుందని నాకు తెలుసు. కానీ అండం అప్పుడప్పుడూ విడుదలవుతున్నంత కాలం గర్భం వచ్చే అవకాశం ఉంటుంది, అందుకే 50 ఏళ్ల లోపు ముట్లు ఆగినవారు ఆ తర్వాత ఇంకో రెండేళ్లు జాగ్రత్త పాటించాలంటాం. రెండోది హిమోగ్లోబిన్, వీలైతే దాంతోపాటు ఒంట్లో ఐరన్ నిల్వను చూపే ఫెరిటిన్. మూడోది థైరాయిడ్‌కు సంబంధించిన టీఎస్‌హెచ్. ఈ రెండింటికీ నేను పట్టుబట్టే కారణం ఏమిటంటే, గుండె దడ, నీరసం, మతిమరుపు, చిరాకు అనేవి రక్తహీనతలోనూ వస్తాయి, థైరాయిడ్ లోపంలోనూ అతిలోనూ వస్తాయి. అన్నిటినీ నడివయసు ఖాతాలో వేసేస్తే సులువుగా తగ్గే జబ్బు ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతుంది. బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ ఎటూ ఈ వయసులో చూసుకోవలసినవే, ఎందుకంటే ఈస్ట్రోజెన్ అండ తగ్గాక గుండె జబ్బుల విషయంలో ఆడవాళ్లు మగవాళ్లతో సమానమవుతూ వస్తారు. గర్భాశయానికి అల్ట్రాసౌండ్, గర్భాశయ ముఖద్వారంలో క్యాన్సర్ ముప్పును ముందే పసిగట్టే పాప్ లేదా హెచ్‌పీవీ పరీక్ష కూడా చేయించుకోండి. రక్త పరీక్షలకు బయట ఖర్చు పెట్టనక్కరలేదు; బస్తీ దవాఖానాల్లోనూ పట్టణ ఆరోగ్య కేంద్రాల్లోనూ నమూనా తీసుకుని తెలంగాణ డయాగ్నస్టిక్స్ ద్వారా ఉచితంగా చేసి ఇస్తారు. 2023 మార్చి 8న మొదలైన 'ఆరోగ్య మహిళ' కార్యక్రమంలో మంగళవారాలు ప్రత్యేకించి ఆడవాళ్ల కోసమే క్లినిక్ పెట్టారు, అందులో మెనోపాజ్ కూడా ఉంది. మీ దగ్గరి కేంద్రంలో ఇప్పుడు ఏ రోజు చూస్తున్నారో ఒకసారి అడిగి వెళ్లండి.

ఇక పరీక్షలన్నిటికన్నా నాకు ఎక్కువ కావలసింది మీ చేతిరాతలో ఒక నోటు పుస్తకం. ఏ తేదీన మొదలైంది, ఎన్ని రోజులుంది, రోజుకు ఎన్ని ప్యాడ్లు మార్చారు, గడ్డలు పడ్డాయా, రాత్రి ఎన్నిసార్లు చెమటతో లేచారు, ఆ రోజు మనసు ఎలా ఉంది — రోజుకు ఒక వరుస చాలు. మూడు నెలలు రాస్తే, ఎగుడుదిగుడు గీత ఎటు పోతోందో ఏ ల్యాబూ చూపించలేనంత స్పష్టంగా కనిపిస్తుంది. చాలామంది నా దగ్గరికి వచ్చి 'బాగా అవుతోందండీ' అంటారు. బాగా అంటే ఎంత అని అడిగితే చెప్పలేరు, పక్కన కూర్చున్న అత్తగారు 'మా రోజుల్లో ఇంతకన్నా ఎక్కువే' అని తేల్చేస్తారు. ప్యాడ్ల లెక్క ఉంటే ఆ వాదనకు తావుండదు.

ఇప్పుడు గర్భసంచి సంగతి. మీరు తొందరపడకుండా ఉత్తరం రాయడం నాకు ఎంతో ఊరటనిచ్చింది. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మధ్య స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురుంటే, తెలంగాణలో సుమారు ఎనిమిది మంది, ఆంధ్రప్రదేశ్‌లో సుమారు తొమ్మిది మంది ఉన్నారు. దేశంలో ఈ లెక్కలో ముందున్నవి మన రెండు రాష్ట్రాలే. మన ఆడవాళ్ల గర్భాశయాలకు మాత్రమే అంత జబ్బు చేస్తుందని నేను నమ్మను. 'పిల్లలు పుట్టేశాక ఆ సంచితో పనేముంది' అన్న మాట ఇక్కడ డాక్టర్ల నోటా, రోగుల నోటా ఒకేలా వినిపిస్తుంది, అదే దీనికి మూలమని నా అభిప్రాయం. అనవసరమైన గర్భసంచి ఆపరేషన్లను అరికట్టడానికి కేంద్రం రూపొందించిన మార్గదర్శకాలను రాష్ట్రాలు అమలు చేయాలని సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో ఆదేశించవలసి వచ్చిందంటే పరిస్థితి మీకు అర్థమవుతుంది.

'అన్నీ పోతాయి' అన్నారు కదా, ఏవి పోతాయో చూద్దాం. గర్భసంచి తీసేస్తే రక్తస్రావం పోతుంది, అది నిజం. ఆవిర్లు, చెమటలు, నిద్రలేమి, చిరాకు మాత్రం పోవు, ఎందుకంటే అవి గర్భసంచిలో పుట్టడం లేదు. అండాశయాలకూ మెదడుకూ మధ్య జరుగుతున్న బేరసారాల్లోంచి పుడుతున్నాయి. పైగా ఆపరేషన్‌లో అండాశయాలను కూడా తీసేస్తే నాలుగైదేళ్లలో నెమ్మదిగా జరగవలసిన మార్పు ఒక్క రోజులో జరిగిపోతుంది, ఆవిర్లు ఇంకా తీవ్రంగా వస్తాయి, ఎముకలూ గుండే ముందుగానే రక్షణ కోల్పోతాయి. అండాశయాలను ఉంచినా వాటికి వెళ్లే రక్తప్రసరణ కొంత దెబ్బతిని, మెనోపాజ్ రావలసిన దానికన్నా ముందే రావచ్చు. మీ తోడికోడలికి 38 ఏళ్లకే ఆపరేషన్ అయిందన్నారు. ఆమె అండాశయాలు ఉన్నాయో తీసేశారో డిశ్చార్జి కాగితం వెతికించి చూడమనండి, తీసేసి ఉంటే ఆమె కూడా ఒకసారి గైనకాలజిస్టును కలిసి ఎముకల గురించి మాట్లాడటం అవసరం. ఈ సంగతి తెలియకుండానే తిరుగుతున్నవాళ్లు మన ఊళ్లో ఎందరో.

గర్భసంచి తీయవలసిన పరిస్థితులు లేవని నేను అనడం లేదు. క్యాన్సర్, క్యాన్సర్‌కు దారితీసే మార్పులు, మందులకు లొంగని పెద్ద ఫైబ్రాయిడ్లు (గర్భాశయంలో పెరిగే క్యాన్సర్ కాని గడ్డలు), మరే చికిత్సకూ ఆగని రక్తస్రావం ఉంటే ఆపరేషనే సరైన మార్గం, అప్పుడు వెనకాడకూడదు. కానీ ఆ నిర్ణయానికి ముందు జరగవలసిన పని ఒకటుంది. 45 దాటిన స్త్రీకి రక్తస్రావం తీరు మారితే గర్భాశయం లోపలి పొర నుంచి చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపాలి. ఇది చాలాసార్లు అవుట్‌పేషెంటుగానే, పెద్ద మత్తు లేకుండానే అయిపోతుంది. అల్ట్రాసౌండ్‌లో పాలిప్ (లోపలి పొర మీద పిలకలా పెరిగేది), ఫైబ్రాయిడ్, అడెనోమయోసిస్ (లోపలి పొర గర్భాశయ కండరంలోకి చొచ్చుకుపోవడం) వంటివి ఉన్నాయేమో తెలుస్తుంది. మీకు ఆపరేషన్ చెప్పినవారు బయాప్సీ మాట ఎత్తారో లేదో మీరు రాయలేదు. ఎత్తకపోతే అక్కడ సంతకం పెట్టకండి, ఆ కాగితాలు తీసుకుని వేరే గైనకాలజిస్టు అభిప్రాయం తీసుకోండి. కోఠి, పేట్లబుర్జు ప్రసూతి ఆసుపత్రుల్లో గానీ, గాంధీ ఆసుపత్రిలో గానీ చూపించుకోవచ్చు. ఓపీ దగ్గర క్యూ ఉంటుంది, నిజమే, కానీ ఆపరేషన్ చేస్తే ఎవరికో లాభం అన్న అనుమానం అక్కడ ఉండదు.

బయాప్సీలో చెడు ఏమీ లేదని తేలితే మీ రక్తస్రావానికి చాలా మార్గాలున్నాయి. ఎక్కువగా అయ్యే రోజుల్లో మాత్రమే వేసుకునే ట్రానెక్సామిక్ యాసిడ్ మాత్రలు రక్తస్రావాన్ని బాగా తగ్గిస్తాయి. కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవారు మాత్రం వాటిని వాడకూడదు. నెలలో కొన్ని రోజులు ప్రొజెస్టెరాన్ మాత్రలు ఇచ్చి, పొర వేళకు ఊడిపడేట్టు చేయవచ్చు. నన్ను అడిగితే మీలాంటి పరిస్థితిలో ముందుగా ఆలోచించవలసింది లెవోనార్జెస్ట్రెల్ అనే హార్మోను ఉన్న లూప్. కాపర్-టీ లాగే లోపల అమరుస్తారు, కనీసం అయిదేళ్లు పనిచేస్తుంది, ఆ హార్మోను ఎక్కువగా గర్భాశయం లోపలి పొర మీదే పనిచేస్తుంది. వేసిన మొదటి మూడు నుంచి ఆరు నెలలు మరకలు మరకలుగా కనిపించి విసుగు పుట్టిస్తుంది, చాలామంది అక్కడే ఓపిక కోల్పోయి తీయించేసుకుంటారు. ఆ కాలం దాటితే రక్తస్రావం చాలా తగ్గిపోతుంది, కొందరికి పూర్తిగా ఆగిపోతుంది. గర్భం రాకుండానూ చూస్తుంది.

ఈలోగా హిమోగ్లోబిన్ 12 కన్నా తక్కువుంటే ఐరన్ మాత్రలు తప్పవు. మన ఇళ్లలో మాత్ర వేసుకుని వెంటనే టీ తాగుతారు, టీలోని పదార్థాలు ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వవు. మాత్రకూ టీకీ మధ్య కనీసం గంట, రెండు గంటలు ఎడం ఉంచండి. కాల్షియం మాత్రను కూడా దీంతో కలిపి వేసుకోకండి. నిమ్మరసంతో వేసుకుంటే మంచిది.

ఆవిర్ల విషయానికి వద్దాం. మెదడులో ఒంటి ఉష్ణోగ్రతను అదుపుచేసే కేంద్రం ఈస్ట్రోజెన్ హెచ్చుతగ్గులకు అతిసున్నితంగా మారి, ఉష్ణోగ్రత కొద్దిగా పెరిగినా ఒళ్లు కాలిపోతోందనుకుని చర్మంలోకి రక్తాన్ని పంపి, చెమట పట్టించి చల్లబరచడానికి ప్రయత్నిస్తుంది. ఛాతీ దగ్గర మొదలై మెడ, ముఖం వరకు ఎగబాకే వేడి, వెంట దడ, రెండు మూడు నిమిషాల్లో తగ్గి ఆ తర్వాత వచ్చే చలి — ఇది ఆవిరి. హైదరాబాదులో ఏప్రిల్, మే నెలల్లో ఎవరికైనా చెమట పడుతుంది గనుక 'ఎండాకాలం కదా' అని ఇంట్లోవాళ్లు కొట్టిపారేస్తారు. మీకు డిసెంబరు తెల్లవారుజామునా చెమట పడితే అది ఎండ పని కాదని వారికీ తెలుస్తుంది. సగటున ఈ బాధ ఏడేళ్లకు పైగా ఉంటుందని అమెరికాలో వేలమంది స్త్రీలను ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనంలో తేలింది, కాబట్టి 'కొన్నాళ్లు ఓర్చుకో' అనే సలహా నాకు సమంజసంగా అనిపించదు. వేడివేడి చాయ్, కారం ఎక్కువైన తిండి, గాలాడని గది కొందరిలో ఆవిర్లను రేపుతాయి. మీకు ఏది రేపుతోందో నోటు పుస్తకమే చెబుతుంది. బరువు ఎక్కువుంటే తగ్గించుకోవడం ఉపయోగపడుతుంది. యోగా వల్ల ఆవిర్లు తగ్గుతాయని గట్టి ఆధారాలు లేవు గానీ, మనసుకూ నిద్రకూ మంచిదే గనుక నేను వద్దనను. యూట్యూబ్‌లో చూసి తెప్పించుకునే మూలికల పొడుల జోలికి మాత్రం పోకండి.

బాధ రోజువారీ పనిని చెడగొట్టేంతగా ఉంటే, అన్నిటికన్నా బాగా పనిచేసేది హార్మోన్ చికిత్సే. మీ అక్కగారి భయానికి ఆధారం లేకపోలేదు. 2002 జూలైలో అమెరికాలో 16 వేల మందికి పైగా స్త్రీల మీద జరుగుతున్న ఒక పెద్ద పరీక్షను మధ్యలో ఆపేశారు, ఆ వార్తతో ప్రపంచమంతా హార్మోన్ మాత్రలు మానేసింది. ఆపడానికి కారణమైన అంకెల్లో ఒకటి చెబుతాను, మీరు లెక్కల మనిషి కాబట్టి తూకం వేసుకోగలరు: మందు లేని పదివేల మందిలో ఏడాదికి 30 మందికి రొమ్ము క్యాన్సర్ వస్తే, రెండు హార్మోన్లూ కలిపి వాడిన పదివేల మందిలో 38 మందికి వచ్చింది. అంటే పదివేలకు ఎనిమిది మంది ఎక్కువ. పైగా ఆ స్త్రీల సగటు వయసు 63 ఏళ్లు. ఆవిర్లతో బాధపడే నలభై, యాభై ఏళ్లవాళ్లు కారు. ఆ తర్వాతి ఏళ్లలో అదే సమాచారాన్ని వయసుల వారీగా విడదీసి చూస్తే, 60 ఏళ్ల లోపు గానీ, ముట్లు ఆగిన పదేళ్ల లోపు గానీ మొదలుపెట్టిన ఆరోగ్యవంతులకు చాలావరకు నష్టం కన్నా మేలే ఎక్కువని తేలింది. గర్భసంచి ఉన్నవారు ఈస్ట్రోజెన్‌ను ఒంటరిగా వాడకూడదు, పొర పెరిగి క్యాన్సర్ రావచ్చు. తోడుగా ప్రొజెస్టెరాన్ ఉండాలి, లేదా నేను పైన చెప్పిన లూప్ ఆ పని చేస్తుంది. చర్మం మీద రాసుకునే జెల్‌తో, నోటి మాత్రలతో పోలిస్తే, రక్తం గడ్డకట్టే ప్రమాదం తక్కువ. రొమ్ము క్యాన్సర్ వచ్చినవారు, గుండెపోటు, పక్షవాతం, రక్తం గడ్డకట్టడం వంటివి జరిగినవారు, కాలేయ జబ్బు ఉన్నవారు, కారణం తేలని రక్తస్రావం ఉన్నవారు దీన్ని వాడకూడదు. ఆ చివరి మాట ప్రస్తుతం మీకు వర్తిస్తుంది, అందుకే బయాప్సీ ముందు, హార్మోన్ మాట తర్వాత. హార్మోన్లు వద్దనుకుంటే, పడనివారికి ఇచ్చే వేరే మందులున్నాయి. డిప్రెషన్‌కు వాడే కొన్ని మాత్రలు తక్కువ మోతాదులో ఆవిర్లనూ తగ్గిస్తాయి, వాటిని చూసి 'నాకు పిచ్చి అనుకుంటున్నారా' అని నొచ్చుకోకండి.

బోర్డు దగ్గర మాట ఆగిపోవడం గురించి మీరు రాసిన వాక్యంలో భయం కనిపించింది. ఇది మతిమరుపు జబ్బుకు మొదలు అని అనుకోకండి. ఈ మార్పు కాలంలో కొత్త విషయాలను పట్టుకునే వేగం కాస్త తగ్గుతుందనీ, ముట్లు ఆగాక చాలామందిలో మళ్లీ కోలుకుంటుందనీ గమనించారు. దానికి తోడు రాత్రి మూడింటి నుంచి మేలుకొని ఉన్న మనిషికి ఉదయం మొదటి పీరియడ్‌లో త్రికోణమితి చెప్పడం ఏ వయసులోనైనా కష్టమే. చెమటలూ రక్తహీనతా అదుపులోకి వస్తే దీనిలో సగం దానంతటదే తగ్గుతుంది. అమ్మాయి మీద అరవడం కూడా ఇందులో భాగమే కావచ్చు. ఒకే ఇంట్లో ఒకరి హార్మోన్లు కుదురుకుంటున్న వయసు, ఇంకొకరివి కుదురు తప్పుతున్న వయసు, మధ్యలో ఇంటర్ పరీక్షలు. నిజం ఏమిటో అమ్మాయికి చెప్పండి. మీ అమ్మగారు మీకు చెప్పి ఉంటే ఈ ఏడాదిన్నర ఇంత ఒంటరిగా గడిచి ఉండేది కాదు. అయితే దిగులు రెండు వారాలకు మించి రోజూ ఉంటే, దేనిమీదా ఆసక్తి లేకపోతే, బతుకు వద్దనిపిస్తే మాత్రం హార్మోన్ల మీద నెట్టేయకుండా మానసిక వైద్యుల్ని కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ 14416కు ఏ వేళప్పుడైనా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఎముకల గురించి కొద్దిగా. ముట్లు ఆగిన మొదటి అయిదారేళ్లలో ఎముక పటుత్వం వేగంగా తగ్గుతుంది. మీకు దగ్గర్లోనే తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ ముట్లు ఆగిన స్త్రీలకు రోజుకు 1200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలని చెప్పింది. రాగుల్లో వంద గ్రాములకు సుమారు 350 మిల్లీగ్రాములు ఉంటుందని అందరూ రాస్తారు గానీ, ఒక గ్లాసు జావలో పడే పిండి ముప్ఫై గ్రాములే, అంటే వంద మిల్లీగ్రాములు. కాబట్టి జావ ఒక్కటే సరిపోదు, రెండు పూటలా పెరుగు, పాలు, నువ్వులు, ఆకుకూరలు కలవాలి. విటమిన్ డి కోసం పొద్దున ఏడింటి లేత ఎండలో నడిచేవాళ్లు చాలామంది ఉన్నారు, నడక మంచిదే గానీ ఆ ఎండలో విటమిన్ తయారుచేసే కిరణాలు చాలా తక్కువ. అవి ఉండేది పదకొండు, రెండు మధ్య. ఆ వేళకు మీరు తరగతి గదిలో ఉంటారు. లోపం ఉంటే డాక్టరు చెప్పినన్ని వారాలే 60,000 యూనిట్ల మాత్ర వాడండి, బాగుందని నెలల తరబడి వారం వారం మింగకండి. నడకతో పాటు వారానికి రెండు సార్లు బరువులెత్తే వ్యాయామం ఏదో ఒకటి చేయండి. రెండు లీటర్ల నీళ్ల సీసాలు చాలు మొదలుపెట్టడానికి.

మీరు రాయని సంగతి ఒకటుంది, ఈ వయసు ఉత్తరాల్లో దాదాపు ఎవరూ రాయరు. యోనిలో పొడిబారడం, కలయికలో నొప్పి, మాటిమాటికీ మూత్రంలో మంట. ఆవిర్లు ఏదో ఒకనాటికి తగ్గుతాయి గానీ ఇవి వాటంతటవి తగ్గవు. అక్కడ మాత్రమే రాసుకునే తక్కువ మోతాదు ఈస్ట్రోజెన్ క్రీము ఉంది, చాలా బాగా పనిచేస్తుంది. భార్యాభర్తల మధ్య దూరం పెరగడానికి ఇది ఒక కారణమని తెలియక, ఇద్దరూ ఒకరినొకరు తప్పుపట్టుకుంటూ ఏళ్లు గడిపేసిన దంపతుల్ని నేను చూశాను.

మీ వారికి ఈ సమాధానం చదివి వినిపించడం కన్నా, డాక్టరు దగ్గరికి వెళ్లే రోజు ఆయన్ని వెంట తీసుకువెళ్లడం మేలు. నోటు పుస్తకంలో మూడు నెలల రాతలు డాక్టరు ముందు ఆయనే చదవాలని చెప్పండి. తెల్లవారుజామున 3:10కి లేచినట్టు నలభై రోజులు రాసి ఉన్న పుస్తకాన్ని చూశాక 'ఊహ' అనడం ఎవరికైనా కష్టం.

ఒక జాగ్రత్త మాత్రం మూడు నెలలు ఆగదు. గంటకో ప్యాడ్ చొప్పున వరుసగా రెండు గంటలు తడిసిపోతే, లేచి నిలబడగానే కళ్లు తిరిగితే, ఆయాసం వస్తే, నోటు పుస్తకం పక్కన పెట్టి ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్లండి, అవసరమైతే 108కి ఫోన్ చేయండి. రెండు నెలసరుల మధ్యలో గానీ, కలయిక తర్వాత గానీ రక్తం కనిపిస్తే ఆ వారంలోనే చూపించుకోండి. ఇక ముందెప్పుడైనా, పూర్తిగా 12 నెలలు ఆగిపోయిన తర్వాత మళ్లీ ఒక్క చుక్క కనిపించినా సరే, 'మళ్లీ వచ్చిందిలే' అనుకోకుండా గైనకాలజిస్టు దగ్గరికి వెళ్లి పొర మందాన్ని కొలిపించుకోండి.